పిల్లల చేతికి తరాజు ఇస్తే తప్పేమిటి?

ఆకలి మీద జరిగే పరిశోధనలో హైస్కూలు పిల్లల్ని కూడా కలుపుకోవాలని ఎవరైనా అంటే, నిజామాబాద్ వైపు వెంటనే వచ్చే ఎదురుమాట ఒకటుంది. పొలాల్లోంచి, బీడీ చాటల ముందునుంచి తంటాలు పడి బడికి తెచ్చిన పిల్లల్ని పరిశోధన పేరు పెట్టి మళ్లీ పొలాల గట్ల మీదికి తోలుతారా అని. ఈ మాటకు వేల్పూర్‌ను సాక్ష్యం తెస్తారు. మిగతా ఎదురుమాటలు తేలికపాటివి, వాటి సంగతి తర్వాత చూద్దాం. ఇది మాత్రం బరువైనది. పైగా అంటున్నవాళ్లలో చాలామంది పిల్లల మేలు కోరేవాళ్లే. అందుకే ముందు దీనికి జవాబు చెప్పాలి.

వేల్పూర్‌లో జరిగిందేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2001లో జి. అశోక్ కుమార్ జిల్లా కలెక్టర్. బడీడు పిల్లలంతా బడిలోనే ఉండాలని మండలమంతటా సుమారు వంద రోజులు ఉద్యమంలా పని నడిచింది. తల్లిదండ్రులు తీసుకున్న అప్పుల కింద పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమానులు ఊరి జనం ముందే ఆ అప్పులు వదులుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. మా ఊళ్లో బాలకార్మికులు లేరని ఊళ్లు బోర్డులు పెట్టుకున్నాయి. గర్వపడాల్సిన సంగతే.

ఈ కథలో అందరూ దాటేసే భాగం మొదటిది. ఆ పని ఉపన్యాసాలతో మొదలు కాలేదు. ఇంటింటికీ తిరిగి, బడికి రాని పిల్లలెవరో రాసుకోవడంతో మొదలైంది. పట్టిక లేనంతకాలం అది ‘మా దగ్గర కూడా కొందరున్నారులే’ అనే గాలిమాట. పేరు కాగితమ్మీదికి ఎక్కాక, ఆ పిల్ల ఎవరింట్లో పనిచేస్తోంది, ఎంత అప్పుకు, ఎన్నేళ్లుగా అని అడగక తప్పదు. అడిగాక జవాబు చెప్పక తప్పదు. దీన్ని పరిశోధన అనడానికి మనకు నోరు రాదు, ఎందుకంటే తెల్లకోటు లేదు, గాజుసీసా లేదు. కానీ పరిశోధన అంటే అదే. కాబట్టి వేల్పూర్‌ను ఎదురుసాక్షిగా నిలబెట్టినవాళ్లు తమకు తెలియకుండానే నా వైపు సాక్షిని పిలిచారు.

ఇక మళ్లీ పొలాలకు తోలడం అన్న మాట. కూలికి పసుపు తవ్వే పిల్ల చేతిలో పని ఉంటుంది, ప్రశ్న ఉండదు. ఎంత తవ్వావని ఆమెను అడుగుతారు తప్ప, ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. నేను మాట్లాడుతున్నది అడిగే హక్కు గురించి. అయితే ఒక్క భయం మాత్రం న్యాయమైనదేనని ఒప్పుకుంటాను. ఏ శాఖకో కావలసిన ఫారాలు నింపడానికి పిల్లల్ని జీతం లేని గుమస్తాలుగా వాడుకునే ప్రమాదం ఉంది. సర్వేల పేరిట పంతుళ్లను తిప్పిన తిప్పుడు చూశాం కదా. అందుకే ప్రశ్న పిల్లలదే కావాలి, రాసుకున్న నోటుబుక్కు పిల్లల దగ్గరే ఉండాలి, బడిగంటలు పోగొట్టుకుని తిరగడం ఉండకూడదు. ఈ మూడూ లేనిచోట ఆ పని ఆపేయమని నేనే ముందు అంటాను.

ఇక రెండో ఎదురుమాట. మన దగ్గర ఆకలెక్కడిది? నిజాంసాగర్ నీళ్లు, పోచంపాడు నీళ్లు పారే జిల్లా. 2024 వానాకాలంలో రాష్ట్రంలో 150 లక్షల టన్నులకు పైగా వడ్లు పండాయన్నారు. 2025 ఉగాదినుంచి రేషను మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం. ఆకలి చూడాలంటే ఆఫ్రికా పోవాలి, వేల్పూర్ ఎందుకని.

ఇది పొలాన్ని చూసి పళ్లెం సంగతి చెప్పడం. బోధన్ చుట్టూ తరాలపాటు చెరకు పండింది. నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడేదాకా అది గానుగకు పోయింది. వేల్పూర్, ఆర్మూర్, బాల్కొండ చేలల్లో పండే పసుపు యార్డుకు పోతుంది. ఎర్రజొన్న సంగతి ఇంకా చిత్రం. అది ఉత్తరాదిలో పశువుల మేతకు వేసుకునే విత్తనం. ఊరి చుట్టూ జొన్నచేలు, ఊళ్లో జొన్నరొట్టె తినేవాళ్లు తక్కువ. పండించినదానికి ధర రాక, 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులే పెద్దసంఖ్యలో నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. ఇన్ని పంటలున్న నేల మీద మనిషి పళ్లెంలో ఏముందో చేను చెప్పదు.

రక్తం చెబుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 65 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. ఐదేళ్లలోపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. కడుపు నిండా అన్నం తిన్న ఆకలి ఇది. 2024లో ప్రపంచంలో 67 కోట్లకు పైగా జనానికి కడుపు నిండలేదని ఐక్యరాజ్యసమితి సంస్థలు చెప్పాయి. అదే నివేదికలో, మంచి తిండి కొనుక్కునే స్తోమత లేనివాళ్లు 260 కోట్ల మంది. ఈ రెండో లెక్కలో మన పదో తరగతి గదులు కూడా ఉన్నాయి. ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు, హాజరుపట్టీ తెరిస్తే చాలు.

పిల్లలకు అంత తెలివెక్కడిది, అది పటాన్‌చెరు ఇక్రిసాట్‌లోనో తార్నాక పోషకాహార సంస్థలోనో చేసే పని అనేది మూడో మాట. తార్నాక సంగతే చూద్దాం. పెలాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు మొక్కజొన్న తినేవాళ్లకు వచ్చేదని పుస్తకాల్లో ఉండేది. మన దక్కనులో జొన్న తిని బతికే పేదల్లో అది కనిపించింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో దాని మీద రాసి, జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థం వైపు వేలు చూపారు. దాని మీద తర్వాత వాదాలు జరిగాయి, అవి వేరే సంగతి. ల్యూసిన్‌ను కొలవడానికి ప్రయోగశాల కావాలి, నిజమే. కానీ అంతకుముందు ఎవరో ఒకరు రోగిని ‘నువ్వు ఏం తింటావు’ అని అడిగి ఉండాలి. ఆ ప్రశ్నకు డిగ్రీ అక్కర్లేదు. అడగాలనిపించడం కావాలి, చెప్పింది చెప్పినట్టు రాసుకునే నిజాయితీ కావాలి.

బయటివాళ్లు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. అమెరికాలో హరితవిప్లవ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ పూనికతో నెలకొన్న ప్రపంచ ఆహార బహుమతి సంస్థ 1994నుంచి హైస్కూలు పిల్లల చేత ఆకలి మీద పత్రాలు రాయిస్తోంది. వాళ్లలో కొందరిని వేసవిలో దేశదేశాల పరిశోధనా కేంద్రాలకు పంపుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పేరిట చెన్నైలో ఉన్న సంస్థకు కూడా అలా వచ్చారు. ఆ బహుమతి మొట్టమొదట, 1987లో, వచ్చింది మన స్వామినాథన్‌కే. ఆ డబ్బుతోనే ఆయన ఆ సంస్థ పెట్టారు. అంటే అమెరికా పిల్లలు విమానమెక్కి వచ్చి మన ఆకలి గురించి అడగవచ్చు, వేల్పూర్ పిల్లలు పక్కవీధిలో అడిగితే మాత్రం చదువు పాడైపోతుంది! పదో తరగతి మార్కుల గురించి భయపడే తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతి నుంచే అమ్ముతున్నవాళ్లు ఈ వాదన చేస్తే మాత్రం నవ్వొస్తుంది.

నావైపు నిలబడ్డవాళ్లను కూడా ఊరికే వదలను. ఆకలి మీద పిల్లల పరిశోధన అనగానే థర్మకోల్ మీద ఆకుపచ్చ రంగు వేసి, చిన్న మోటారు పెట్టి, దానంతటదే నీళ్లు పెట్టే పొలం అని చూపించడం మన దగ్గర అలవాటైంది. న్యాయనిర్ణేత వస్తారు, బల్బు వెలుగుతుంది, చప్పట్లు. ఆకలి అంటే పంట తక్కువై వచ్చేదనే పాత పొరపాటు ఆ నమూనాలో భద్రంగా ఉంటుంది. 1943 బెంగాలు కరువులో తిండి లేక కాదు, కొనే శక్తి లేక జనం చచ్చారని అమర్త్య సేన్ 1981లోనే పుస్తకం రాశారు. మన వైజ్ఞానిక ప్రదర్శనల దాకా ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. వేదికలు లేక కాదు. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993నుంచి ఉంది, ఊరి సమస్య తీసుకుని సొంత భాషలో చేయమనే దాని ఉద్దేశం. ఇన్‌స్పైర్ పథకం కింద ఎంపికైన పిల్లలకు పదివేల రూపాయలు ఇస్తారు. రుద్రూరులో వరి, చెరకు పరిశోధన కేంద్రం, కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం బస్సు దూరంలోనే ఉన్నాయి. లేనిది సరైన ప్రశ్న.

అలాంటి ప్రశ్న ఒకటి చెబుతాను. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర. ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంటుంది. మింగారా? వాంతి వస్తుందని కిటికీలోంచి పారేశారా? మింగినవాళ్లు ఆ పూటే చాయ్ తాగారా? తిండితోపాటు చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు కూర్చుని, పేర్లు రాయకుండా తోటిపిల్లల్ని నెలరోజులు అడిగితే తేలే సంగతి. ఏ కలెక్టరు అడిగినా ఆ పిల్లలు చెప్పని జవాబు స్నేహితురాలికి చెబుతారు. ఇక్కడ పిల్లలు శాస్త్రవేత్తకు తక్కువరకం బదులు కారు, శాస్త్రవేత్తకు తెరుచుకోని తలుపు వాళ్లకు తెరుచుకుంటుంది.

ఇంకొకటి, తరాజుతో చేసేది. మధ్యాహ్నం బడిలో పళ్లేలలో మిగిలి బకెట్టులో పడిన అన్నాన్ని రోజూ తూచడం. గుడ్డు పెట్టిన మూడు రోజులు, పెట్టని రోజులు, నీళ్లపప్పు రోజు, కూర బాగున్న రోజు. నెల తిరిగేసరికి ఏ రోజు ఎందుకు బకెట్టు బరువెక్కుతోందో అంకెలే చెబుతాయి. ఆ అంకెలు కొందరికి ఇబ్బందిగా ఉంటాయి కూడా. పిల్లల చదువు పాడవుతుందనే బెంగలో ఈ ఇబ్బంది పాలెంతో నాకు అనుమానమే.

అక్టోబరు 2న గ్రామసభ ఉంటుంది. వేల్పూర్ ఊళ్లకు ఆ తేదీ మామూలు తేదీ కాదు. 2001లో పెద్దలు పిల్లల పేర్లు రాసుకొచ్చి జనం ముందు పెట్టారు. ఈసారి ఆ పిల్లల పిల్లలే ఒక నోటుబుక్కు పట్టుకుని లేచి, బకెట్టు బరువెంతో, మాత్రలు ఎన్ని కిటికీ అవతల పడ్డాయో చదువుతామంటే, కూర్చోమనడానికి ముందు లేచేదెవరో చూడాలని ఉంది.