చేతికి అందని దుప్పటిని మాటతో అందించడం

దుకాణంలో దుప్పటి కొనేవారి చేతిని గమనించండి. కన్ను రంగును చూస్తూ ఉండగానే చేయి తన పని తాను చేసుకుపోతుంది. అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి దళసరి ఎంతో తెలుసుకుంటుంది. మడతను ఎత్తి బరువు అంచనా వేస్తుంది. పిడికిట బిగించి వదిలి, ముడతలు నిలుస్తాయో లేదో చూస్తుంది. అరచేతితో నిమిరి నునుపును, గరుకును వేరు చేస్తుంది. మన తల్లులు ఈ పరీక్షలన్నీ అర నిమిషంలో ముగించి, ఆ తరువాతే ధర అడిగేవారు. ఫోను తెర మీద ఈ చేతికి పని లేదు.

నేడు ఎందరో సోదరీమణులు ఇంటి నుంచే వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా దుప్పట్లు, దిండు గలీబులు అమ్ముతున్నారు. పరదా పాటిస్తూ, పిల్లలను చూసుకుంటూ, నాలుగు రూపాయలు సంపాదించుకునే గౌరవప్రదమైన మార్గమిది. అయితే ఒక్క దుప్పటి తిరిగి వస్తే రానూ పోనూ కొరియర్ ఖర్చు నాలుగు దుప్పట్ల లాభాన్ని మింగేస్తుంది. అటు కొన్న ఇంట్లోనూ కష్టార్జితమే ఖర్చవుతుంది. ఇరువురి మధ్య ఉన్నది మాట ఒక్కటే. ఆ మాటల స్థానంలో ‘ప్రీమియం’, ‘లగ్జరీ’, ‘సూపర్ సాఫ్ట్’ అనే పొగడ్తలు చేరితే కొనేవారికి ఏ సమాచారమూ అందనట్లే.

స్పర్శ ఒక్కటే చాలదు

తాకితేనే వస్త్రం తెలుస్తుందని మనం అనుకుంటాం. కానీ అజ్ఞాన కాలపు అరబ్బులలో ‘ములామసా’ అనే బేరం ఉండేది. మడిచి ఉన్న వస్త్రాన్ని విప్పి చూడకుండా చేతితో తాకితే చాలు, బేరం ఖాయమైపోయేది. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) ఈ బేరాన్ని నిషేధించారు. ఇందులో ఆలోచించదగిన విషయం ఉంది. అక్కడ కొనేవాడి చేయి వస్త్రాన్ని తాకింది. అయినా ఆ బేరం చెల్లలేదు. ఎందుకంటే వస్త్రం ఎలాంటిదో అతనికి తెలియలేదు. కావలసింది సరుకును గురించిన స్పష్టమైన ఎరుక. అది స్పర్శతో రావచ్చు, చూపుతో రావచ్చు, నిజాయితీ గల వర్ణనతోనూ రావచ్చు.

ఫుఖహాలు ఈ వర్ణనను ఎంత వివరంగా ఆలోచించారో చూడండి. ముందుగా ధర చెల్లించి, సరుకును తరువాత పుచ్చుకునే ‘సలమ్’ బేరంలో వస్త్రానికి పొడవు, వెడల్పు, దళసరి చెప్పి తీరాలని మన మదరసాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథం పేర్కొంటుంది. పట్టు వస్త్రమైతే బరువు కూడా చెప్పాలని అదనంగా షరతు విధిస్తుంది. చూడకుండా కొన్నవారికి, సరుకును చూసిన తరువాత బేరం రద్దు చేసుకునే హక్కును హనఫీ ఫిఖహ్ ‘ఖియారే రూయత్’ పేరుతో ఇచ్చింది. తెర మీది వ్యాపారం కొత్తదే గాని, చూడని వస్త్రాన్ని మాటతో అమ్మడం కొత్తది కాదు.

ఏమేమి చెప్పాలి?

మొదటిది, దేనితో నేసినదో చెప్పాలి. అది నూరు శాతం నూలా, పాలిస్టరు కలిసిందా అన్నది దాచరాదు. బజారులో ‘గ్లేస్ కాటన్’ అనే పేరుతో వచ్చే సరుకులో చాలా భాగం పాలిస్టరు మైక్రోఫైబరే. అది తాకితే మెత్తగానే ఉంటుంది, త్వరగా ఆరుతుంది, ముడతలు పడదు. కానీ చెమటను పీల్చదు. వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. టోకు వర్తకుడు చెప్పిన పేరునే అప్పజెప్పకుండా, అంచు నుంచి ఒక దారం లాగి జాగ్రత్తగా కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది.

రెండవది నేత. పడుగు, పేక ఒకటి విడిచి ఒకటిగా అల్లుకుంటే అది సాదా నేత. సన్నని నూలుతో ఒత్తుగా అలా నేసిన దానిని ‘పర్కేల్’ అంటారు. అది ఇస్త్రీ చేసిన చొక్కాలా కాస్త బిరుసుగా, ఒంటికి చలువగా ఉంటుంది, ముడతలు పడుతుంది. ఒక దారం నాలుగు దారాల మీదుగా సాగి ఒక దారం కింద దూరితే అది ‘శాటీన్’ నేత. అది నునుపుగా మెరుస్తుంది, బరువుగా జారుతుంది. కానీ గోరు, గాజు తగిలితే దారం లేచే అవకాశం ఎక్కువ. రెండూ మంచివే. ఏది ఎవరికి నప్పుతుందో చెప్పడమే అమ్మేవారి పని.

మూడవది బరువు. ఇది చాలామంది విడిచిపెట్టే వివరం. వంటింటి తక్కెడ ఉంటే చాలు. 90 × 100 అంగుళాల దుప్పటి వైశాల్యం సుమారు 5.8 చదరపు మీటర్లు. అది 700 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 120 గ్రాములన్నమాట; ఏడాది పొడవునా వాడుకునే పక్క దుప్పటికి ఇది తగిన బరువు. అదే కొలతలో 500 గ్రాములే తూగితే అది పలచన అని చెప్పాలి. పలచన కావడం తప్పు కాదు, దాచడమే తప్పు.

నాలుగవది దారాల లెక్క, అంటే ‘థ్రెడ్ కౌంట్’. ఒక చదరపు అంగుళంలోని పడుగు, పేక దారాల మొత్తం ఇది. పేనిన నూలులో పేటలు ఎన్ని ఉన్నా దానిని ఒక్క దారంగానే లెక్కించాలని అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి 3775 చెబుతుంది. కొందరు వర్తకులు మాత్రం రెండు పేటల నూలును రెండుగా లెక్కించి 500ను 1000 చేస్తారు. పెద్ద సంఖ్య చూసి మురిసిపోవద్దు, దానితో ఇతరులను మురిపించవద్దు. మంచి సన్నని నూలుతో నేసిన 200 దారాల దుప్పటి, ముతక నూలును కుక్కి నేసిన 1000 దారాల దుప్పటి కన్నా హాయిగా ఉంటుంది.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2016 ఆగస్టులో అమెరికాకు చెందిన టార్గెట్ సంస్థ మన దేశపు వెల్‌స్పన్ ఇండియాతో వ్యాపార సంబంధాన్ని తెంచుకుంది. ఈజిప్టు పత్తి అనే పేరుతో సరఫరా అయిన సుమారు 7,50,000 దుప్పట్లు, గలీబులలో వేరే పత్తి వాడారని టార్గెట్ ప్రకటించింది. చేతితో తాకితే సాధారణ కొనుగోలుదారుకు తెలిసే తేడా కాదది. చీటీ మీది మాటను నమ్మి కొన్నారు; ఆ మాటే తప్పయింది.

కొలత, ఉతుకు

‘డబుల్’, ‘కింగ్’ అని వదిలివేయక అంగుళాలలో చెప్పండి. 60 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం గల పరుపుపై 90 అంగుళాల వెడల్పు దుప్పటి పరిస్తే, ఇరువైపులా మందం పోగా 9 అంగుళాల చొప్పున కిందికి దోపడానికి మిగులుతుంది. పరుపు వెడల్పు 72 అంగుళాలైతే మిగిలేది 3 అంగుళాలే. నూలు ఉతుకులో 5 శాతం కుంచించుకుపోతే అంగుళం కూడా మిగలదు; పిల్లలు రెండుసార్లు దొర్లితే దుప్పటి ఊడివస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గంజి పట్టించిన నాసిరకం బట్ట కొత్తలో దళసరిగా, ఒత్తుగా కనిపిస్తుంది. నీళ్ళు తగిలాక గంజి పోయి వదులుగా వేలాడుతుంది. కుంచించుకుపోవడం, రంగు వదలడం కూడా ఉతికాకే బయటపడతాయి. కానీ ఉతికిన దుప్పటిని ఎవరూ తిరిగి తీసుకోరు. నిజం తెలిసే సమయానికి కొన్నవారి హక్కు చేజారిపోతుంది. కాబట్టి ప్రతి రకంలో ఒక దుప్పటిని అమ్మేవారే ముందుగా ఉతికి, ఆరవేసి, మళ్ళీ కొలిచి, ఆ ఫలితాన్ని చెప్పాలి. ఒక దుప్పటి ఖర్చు పోవచ్చు. ఆ రకంలోని మిగతావన్నీ నిబ్బరంగా అమ్ముకోవచ్చు.

చూపించే తీరు

ఫోటోను కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫిల్టరు లేకుండా తీయండి. నేత పక్కన రూపాయి నాణెం పెట్టి దగ్గరగా ఒకటి తీయండి. బట్ట వెనుక చేయి పెట్టి వెలుతురుకు ఎత్తి చూపితే దళసరి ఎంతో కంటికే తెలుస్తుంది. పిడికిట నలిపి వదిలే చిన్న వీడియో పది విశేషణాల పని చేస్తుంది. మళ్ళీ మళ్ళీ కొనేవారికి నాలుగు అంగుళాల ముక్కలు కత్తిరించి కవరులో పంపితే మరీ మంచిది.

పోలిక చెప్పేటప్పుడు కొనేవారి చేతికి ఇప్పటికే తెలిసిన వస్తువును ఎంచుకోండి. ‘మేఘంలా మెత్తన’ అంటే ఏమీ తెలియదు, మేఘాన్ని తాకినవారెవరు? ‘నాలుగేళ్ళు వాడిన లుంగీ అంత మెత్తన’, ‘మల్‌మల్ దుపట్టా కన్నా దళసరి’, ‘షోలాపూర్ దుప్పటిలో సగం బరువు’ అంటే చేయి వెంటనే గుర్తుపడుతుంది. మన ప్రాంతం నుంచి వలస వెళ్ళిన తెలుగు నేతగాళ్ళు షోలాపూర్‌లో ఎందరో స్థిరపడ్డారు. అక్కడి దుప్పటి మన పల్లెలలోనూ తెలియని ఇల్లు అరుదు.

ఒక నమూనా వర్ణన ఇలా ఉండవచ్చు: “నూరు శాతం నూలు. పర్కేల్ నేత. కొలత 90 × 100 అంగుళాలు. ఒక ఉతుకు తరువాత 88 × 97. బరువు 700 గ్రాములు. కొత్తలో ఇస్త్రీ చొక్కాలా కాస్త బిరుసు. నాలుగైదు ఉతుకులకు మెత్తబడుతుంది. ఇస్త్రీ చేయకుంటే ముడతలు కనిపిస్తాయి. ముదురు నీలం మొదటి ఉతుకులో కొంత రంగు వదిలింది, విడిగా ఉతకండి. 72 అంగుళాల పరుపుకు చాలదు.” ఇందులో ఒక్క పొగడ్త లేదు. అయినా చదివినవారికి దుప్పటి చేతిలో ఉన్నట్లే ఉంటుంది.

కొనేవారికీ ఒక మాట. ఈ వివరాలు లేనిచోట అడగండి. చెప్పనివారి వద్ద కొనకండి. వర్ణనకు భిన్నమైన సరుకు వస్తే, ఆన్‌లైన్ వేదికలపై అమ్మేవారు దానిని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించరాదని వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 చెబుతున్నాయి. అయితే రెండు రాత్రులు వాడి, ‘నచ్చలేదు’ అని తిప్పి పంపడం ఆ హక్కులోకి రాదు. అది ఎదుటి సోదరి కష్టార్జితాన్ని హరించడమే.

అమ్మేవారు, కొనేవారు సత్యం పలికి, లోపాన్ని విప్పి చెప్పుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచుకుంటే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) బోధించారు. దుప్పటి గురించి మీరు వ్రాసే నాలుగు పంక్తులు కూడా సరుకులో భాగమే. వాటినీ తూచి, కొలిచి అందించండి.