గోడ కట్టితిమి, వాకిలి మరచితిమి

2024 జనవరిలో ఖతారు దేశమున జరిగిన ఆసియా కప్పు పోటీలలో మన జాతీయ ఫుట్‌బాలు జట్టు మూడాటలాడి మూడింటను ఓడినది. ఆస్ట్రేలియా చేతిలో 2-0, ఉజ్బెకిస్తాను చేతిలో 3-0, సిరియా చేతిలో 1-0. తిన్న గోలులు ఆరు, కొట్టినది సున్న. గడచినదానిని మరల త్రవ్వనేల యని విసుగుకొను మిత్రులు కొందరు కలరు. 2025 అక్టోబరు 14వ తేదీన గోవాలోని మడగావులో, మన గడ్డమీదనే, ముందుగా ఒక గోలు కొట్టియు సింగపూరు చేత 2-1తో ఓడి, 2027 ఆసియా కప్పునకు అర్హతయే కోలుపోయినాము. కావున త్రవ్వక తప్పదు.

ప్రత్యర్థులు బలవంతులనుట మొదటి సాకు. ఆస్ట్రేలియా విషయమున ఒప్పుకొందము. కాని జాబితాలో మన దరిదాపులనే యున్న తజికిస్తాను, ఆసియా కప్పున తొలిసారి అడుగిడియు, ఆ పోటీలలోనే క్వార్టరు ఫైనలు చేరినదే! యుద్ధాగ్నిలో మాడుచున్న పాలస్తీనావారు సయితము రెండవ దశకు పోయిరి. అన్వర్ అలీ, జీక్సన్ సింగు వంటివారు గాయములచే రాలేకపోయిరనుట నిజమే. శిక్షణకు దొరికిన కాలము రెండువారములే యనుటయు నిజమే. అయినను ఇద్దరు లేనంతమాత్రమున ఆడు తీరే అదృశ్యమగునా?

అసలు లోపము ఆ తీరునందే యున్నది. ఆస్ట్రేలియాతో మనవారు పదిమందియు తమ గోలు ముంగిట చేరి గోడవలె నిలిచిరి. సగమాట వరకు గోలు పడలేదని మన పత్రికలు పొగడినవి. గోడ మంచిదే, గోడకు వాకిలి యేది? బంతి చేజిక్కిన క్షణమున దానిని ఎవరు, ఎవరికి, ఏ దారిని అందింపవలెనో నిర్ణయము లేకపోయినది. ముందు 39 యేండ్ల సునీల్ ఛేత్రి ఒంటరిగా నిలువగా, వెనుకనుండి గాలిలోనికి తన్నిన బంతి శత్రువు తలకు తగిలి మరల మన ముంగిటికే వచ్చుచుండెను. ఊపిరి తీసికొను వ్యవధి లేని రక్షకులు ఎంతసేపు నిలుతురు? 50వ నిమిషమున గురుప్రీతు పిడికిట గ్రుద్దిన బంతి నేరుగా అర్విను ముందు పడినది. దోషమంతయు గోలుకీపరుపై మోపినారు. తలుపు పగులువరకు కొట్టనిచ్చి గడియను నిందించుట యిదియే.

ఉజ్బెకులతో కొంత ముందుకు వచ్చి యాడజూచిరి. ఆ యలవాటు లేనందున నడుమ మైదానము తెరుచుకొనినది. 4వ నిమిషమున నొకటి, 18వ నిమిషమున నొకటి, విరామమునకు ముందు మరియొకటి పడెను. సిరియాతోడి ఆట గెలువక తప్పనిది. అందును 76 నిమిషములు సున్నతో కాలము గడిపి చివరకు ఖ్రిబీను గోలుతో ఇల్లు చేరినారు. 2011లో పదమూడు తిన్నను మూడు కొట్టితిమి. 2019లో థాయిలాండును 4-1తో నోడించితిమి. ఈ మారు 270 నిమిషములలో ఒక్కటియు లేదు!

గోలు కొట్టువాడు ఎక్కడనుండి వచ్చును? మన దేశపు లీగులో జట్టునకు నలుగురు విదేశీయులు ఒకేమారు ఆడవచ్చును. క్లబ్బు యజమానులు సొమ్ము పోసి తెచ్చుకొనువారిలో ముందువరుస మధ్యస్థానమువాడు తప్పక యుండును. మన బాలుడు ప్రక్క గీతవెంట పరుగులిడుచు వానికి బంతి మోయును. ఏడాదికొకమారు జాతీయజట్టులో వానిని మధ్యకు నెట్టి గోలు కొట్టుమనుట, వంట నేర్పనివానిని పెండ్లివంటకు పిలుచుటయే. 2024 జూనులో విరమించిన ఛేత్రిని 2025 మార్చిలో, 40 యేండ్ల ప్రాయమున, మరల బతిమాలి రప్పించుకొంటిమి. ఇంతకన్న సాక్ష్యమేల?

వ్యూహమన్నది దొరలు నేర్పవలసిన విద్యయని మనవారికొక భ్రమ. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీము 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్కులలో మనలను నాలుగవ స్థానమునకు చేర్చెను. 1962లో జకార్తాలో మొదటి ఆటలోనే కొరియా చేత 2-0తో నోడిన జట్టది. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన ముందువరుసకు మార్చెను. ఫైనలులో అదే కొరియాపై మన రెండు గోలులలో నొకటి జర్నైలుదే, స్వర్ణము మనదే. ఉన్న మనుష్యులనే యెరిగి, ఎదుటివానిని చూచి, స్థానములు మార్చిన బుద్ధి యది.

ఇప్పుడు మనము మార్చునది శిక్షకులను మాత్రమే. 2024 జూనులో స్టీమాచును పంపిరి. పిదప తెచ్చిన మార్కెజు 2025 మే వరకు గోవా క్లబ్బునకును జాతీయ జట్టునకును ఏకకాలమున శిక్షకుడు! ఒకే యెద్దును రెండు బండ్లకు కట్టిన సమాఖ్యవారు బండ్లు కదలలేదని ఎద్దునే మార్చిరి. లీగులో ప్రతి జట్టును ముందువరుస మధ్యస్థానమున భారతీయుని నిర్ణీతకాలమైన ఆడించునట్లు నిబంధన చేయుటకును, పెద్ద పోటీలకు ముందు కనీసము నెలనాళ్లు జాతీయ శిక్షకునికి ఆటగాండ్రను అప్పగించుటకును సమాఖ్యకు అడ్డమెవరు? క్లబ్బు యజమానులా? అట్లయిన ఆ మాట బహిరంగముగా చెప్పుడు.