చేరవలసిన చోటికి చేరని ఉత్తరం

కొన్నేళ్ల క్రితం ఢిల్లీలో మన సంఘం జరిపిన రక్తదాన శిబిరంలో ఆర్.ఎం.ఎస్. సార్టింగ్‌లో పనిచేసే సోదరుడొకరు రక్తమిచ్చారు. ఆయన రక్తంలో హెపటైటిస్ బి జాడ ఉన్నదని తెలుపుతూ రక్తనిధి వారు వ్రాసిన ఉత్తరం ఇంటికి గాక కార్యాలయానికి వచ్చింది. అక్కడెవరో విప్పారు. ఊరందరి ఉత్తరాలను వేరుచేసి పంపే మనిషికి తన ఉత్తరం నాలుగు నెలలకు గాని అందలేదు. ఈలోగా తోటివారు ఆయన మంచినీళ్ల గ్లాసును విడిగా పెట్టారు.

కామెర్లన్నీ ఒకటేనన్న భ్రమ దీనికి మూలం. 1955-56 శీతకాలంలో వజీరాబాద్ వద్ద మురుగు కలిసిన యమునా జలం త్రాగి ఢిల్లీలో సుమారు 29 వేల మంది కామెర్ల పాలయ్యారు. అది నీటి ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఇ అని తరువాత తేలింది. బి, సి రకాలు వేరు. అవి రక్తం వలన, శుద్ధి చేయని సూదుల వలన సోకుతాయి. బి రకం తల్లి నుండి బిడ్డకు, లైంగిక సంపర్కం వలన కూడా సోకుతుంది. ఒకే గ్లాసులో నీళ్లు త్రాగినందువలన సోకదు.

ఈ వ్యాధి అరుదైనదా? 2002-2005 మధ్య ఢిల్లీలోని ఒక ఆసుపత్రిలో 28,956 మంది దాతల రికార్డులు పరిశీలించగా 2.23 శాతం మందిలో బి, 0.66 శాతం మందిలో సి కనిపించాయి. వీరంతా ఆరోగ్యవంతులమనుకొని వచ్చినవారే. ఆ దాతలలో 99 శాతానికి పైగా రోగి కొరకు తప్పనిసరై వచ్చిన బంధుమిత్రులు. సుప్రీంకోర్టు 1996 తీర్పు ననుసరించి 1998 నుండి రక్తవిక్రయం నిషిద్ధమైనా, "యూనిట్ తెచ్చుకోండి" అని రోగి మనుషులను బయటికి పంపే పద్ధతి ఉన్నంతకాలం దళారికి పని దొరుకుతూనే ఉంటుంది. అటువంటి దాత తన రోగాన్ని దాస్తాడు. కొత్తగా సోకిన వ్యాధి పరీక్షకు చిక్కకపోవచ్చును. కనుక స్వచ్ఛందంగా, క్రమంగా ఇచ్చే దాతయే రోగికి రక్ష. ఇక రక్తమివ్వబోమనే సోదరుల వాదం మాకు సమ్మతం కాదు.

అయితే దాత పట్ల బాధ్యత ఎవరిది? అరటిపండు, ప్రశంసాపత్రం పంచి, ఫోటో దిగి, తరువాత ఏమైనదో అడగని తప్పు మాది కూడా. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద మందులు ఉచితం. సి రకం సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నయమవుతున్నది. బి రకాన్ని మాత్రలతో అదుపులో ఉంచవచ్చును, టీకాతో నివారించవచ్చును. దేశమంతటా శిశువులకు ఆ టీకా 2011 నాటికి గాని అందలేదు గనుక మనలో నడివయసు వారు అనేకులు దానికి దూరంగానే ఉన్నారు. రైల్వే ఆసుపత్రులలోను, తపాలా వారికి సి.జి.హెచ్.ఎస్. వైద్యశాలలలోను కోరిన ప్రతి ఉద్యోగికీ పరీక్ష, టీకా ఉచితంగా ఇవ్వాలని మా డిమాండు. ఫలితం దాతకు మాత్రమే, గోప్యంగా, సకాలంలో తెలుపుతామని వ్రాసి ఇవ్వని రక్తనిధిని మన శిబిరానికి పిలవరాదు.

రానున్న శిబిరం నమోదు పత్రంలో కార్యాలయ చిరునామా గడిని మేము ఇప్పటికే కొట్టివేయించాము.