కొలిస్టిన్ పోయింది, పులిసిన దాణా రాలేదు

ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులైలో నిషేధించింది. వేరే యాంటీబయాటిక్‌లకు లొంగని ఇన్‌ఫెక్షన్లు సోకిన రోగులకు వైద్యులు చివరగా ఇచ్చే మందు అది. నిషేధం సరైనదే. కానీ కోడి పేగులను మందు లేకుండా ఆరోగ్యంగా ఉంచడమెలా అన్న ప్రశ్న రైతుకే మిగిలింది.

దానికి ఉన్న జవాబుల్లో ఒకటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాతో పులియబెట్టిన దాణా. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు నీటిలో నాని పులిస్తే ఆమ్లత్వం పెరిగి సాల్మొనెల్లా వంటి క్రిములకు మనుగడ కష్టమవుతుంది. గింజల్లో ఫైటేట్ రూపంలో చిక్కుకుపోయిన భాస్వరం కొంత విడుదలై కోడికి అందుతుంది. తరవాణి కుండ ఎరిగిన తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు.

చిక్కంతా షెడ్డులోనే. గుడ్ల ఉత్పత్తిలో అగ్రస్థానాన ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో వేల కోళ్లుండే ఫారాలు నడిచేది పొడి దాణాతోనే. తడి దాణా తొట్లకు అంటుకుంటుంది, ఎండల్లో త్వరగా బూజు పడుతుంది. ఆరబెట్టి వాడదామంటే ఇంధనం ఖర్చు. గుడ్డు ఉత్పత్తి వ్యయంలో దాణా వాటా ఇప్పటికే 60 శాతానికి పైబడింది. పెరటి కోళ్లకు, చిన్న ఫారాలకు రోజూ బకెట్లలో పులియబెట్టుకోవడం సాధ్యమే. పెద్ద ఫారాలకు మాత్రం దాణా మిల్లులే సోయా చెక్కను పులియబెట్టి, ఆరబెట్టి సరఫరా చేయాలి. యాంటీబయాటిక్ వాడని గుడ్డుకు బజారులో అదనపు ధర పలకనంత కాలం ఆ భారం రైతు ఖాతాలోనే పడుతుంది.