ఆ శాతం ఎలా వచ్చిందో చెప్పించండి

వైద్య పరిశోధన పత్రిక సంపాదకవర్గానికి,

మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో ఈ.కోలై గురించి మీరు ఇటీవల వేసిన వ్యాసంపై నేను రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. స్థలాభావం అన్నారు. అదే సంచికలో సదస్సు ఫొటోలకు చోటుంది. ఇది నన్ను బాధించింది, దాచుకోను.

2016 నుంచి 2020 దాకా చేసిన పరీక్షలన్నీ కలిపి, సిప్రోఫ్లాక్సాసిన్‌కు నిరోధకత పెరుగుతూ పోయిందని ఆ వ్యాసం తేల్చింది. ల్యాబ్ పరీక్షలకు హద్దులు నిర్ణయించే సంస్థ సీఎల్‌ఎస్‌ఐ; ఏ సంవత్సరపు సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణాలతో తేల్చారో ఒక్క ముక్క లేదు. ఇది చిన్న లోపమా? ప్లేటు మీద సిప్రో డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలు పెట్టి కొలుస్తాం. 21 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 2018లో ఆ ఈ.కోలైని సెన్సిటివ్ అని రాసేవాళ్లం. 2019లో సీఎల్‌ఎస్‌ఐ హద్దులు మార్చింది. సెన్సిటివ్ అనాలంటే కనీసం 26 రావాలి; 21 గానీ అంతకు తక్కువ గానీ అయితే రెసిస్టెంటే. అదే క్రిమి, అదే వలయం, రిపోర్టు మాత్రం తిరగబడింది. మరి మీ గ్రాఫులో కనిపించే పెరుగుదలలో క్రిమి వల్ల వచ్చిందెంత, హద్దు మారడం వల్ల వచ్చిందెంత? పాత కొలతలను కొత్త హద్దులతో మళ్లీ చూశారా? రివ్యూ చేసినవాళ్లలో ఒక్కరికైనా ఈ ప్రశ్న తట్టలేదా?

ఇంకా ఉన్నాయి. ఒకే రోగి నుంచి నాలుగుసార్లు తీసిన శాంపిల్‌ను నలుగురిగా లెక్కించారా? రోగికి మొదటిసారి దొరికిన ఐసొలేట్‌నే (శాంపిల్ నుంచి వేరుచేసిన క్రిమినే) లెక్కలోకి తీసుకోవాలని, కనీసం 30 ఐసొలేట్లు లేనిదే శాతం చెప్పొద్దని యాంటీబయోగ్రామ్ నియమాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. వాళ్లు ఓపీ రోగులా, కాథెటర్‌తో ఐసీయూలో ఉన్నవాళ్లా? మన జిల్లాల్లో జ్వరం రాగానే కల్చర్ ఎవరు పంపుతున్నారు? ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు, మెడికల్ షాపులో కొన్న మాత్రలు పనిచేయక పెద్దాసుపత్రికి వచ్చాకే మూత్రం ల్యాబ్‌కు చేరుతుంది. అలా చేరిన శాంపిళ్ల శాతాన్ని జిల్లా మొత్తానికి ఎలా అంటగడతారు?

కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ సంగతి మీకు ఇంతకుముందే రాశాను. ఆ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు. దానికి డిస్కు పరీక్ష పనికిరాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాలి. 2020లో సీఎల్‌ఎస్‌ఐ కొలిస్టిన్‌కు సెన్సిటివ్ అనే వర్గాన్నే తీసేసింది. ఆ తర్వాత కూడా డిస్కు పెట్టి అందరికీ సెన్సిటివ్ అని రాసిన పేపర్లను మీరెలా అంగీకరిస్తున్నారు?

ఇవన్నీ నా చాదస్తాలు కావు. ల్యాబ్ సమాచారాన్ని పేపర్లో ఎలా నివేదించాలో చెప్పే మైక్రో చెక్‌లిస్టు 2019లోనే వచ్చింది. పరిశీలనాత్మక అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే స్ట్రోబ్ మార్గదర్శకాలు 2007 నుంచి ఉన్నాయి. ప్రమోషన్‌కు పేపర్లు కావాలన్న నిబంధన కింద నలిగే అసిస్టెంట్ ప్రొఫెసర్ల ఇబ్బంది నాకు తెలుసు, వాళ్ల మీద నాకు కోపం లేదు. గేటు దగ్గర నిలబడాల్సింది మీరు. వచ్చినదాన్ని వచ్చినట్టు వేసేస్తే సంపాదకవర్గం ఎందుకు?

యాంటీబయాటిక్ నిరోధకతపై ఐసీఎంఆర్ 2013లో మొదలుపెట్టిన నిఘా వ్యవస్థకు సమాచారం ఎక్కువగా పెద్దాసుపత్రుల నుంచే వస్తుంది. ఏరియా ఆసుపత్రిలో పనిచేసే డాక్టరుకు తన ప్రాంతం సంగతి తెలియాలంటే మీలాంటి పత్రికలే దిక్కు. సిప్రో పోయింది, సెఫ్‌ట్రయాక్సోన్ పోయింది అని మీ పట్టికలో చూస్తే మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు కూడా ఆయన మెరోపెనెమ్ రాస్తాడు. ఆయన తప్పేముంది? అచ్చులో ఉన్నదాన్ని నమ్మాడు. ఆ ఇంజెక్షన్ల ఖర్చు రోగి కుటుంబం భరిస్తుంది. రేపు మెరోపెనెమ్ కూడా పనిచేయని రోజు వస్తే, అదే వార్డులో ఇంకెవరో ప్రాణంతో చెల్లిస్తారు.

నా ఉత్తరం వేయకపోయినా ఫర్వాలేదు. ఆ రచయితలను ఈ ప్రశ్నలు మీరే అడగండి, వాళ్ల జవాబులు అచ్చు వేయండి. ఇకపై వచ్చే పేపర్ల విషయంలోనైనా ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు