ఆ గుండ్రంలో మన పేట ఉందా?



"కెమికల్ ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలు మీకే కదా, అడ్డం మాట్లాడతారేంటి?" అని మనల్ని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఉంగుటూరు వైపు పేటల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాం, మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే. కాబట్టి మేమే జవాబు చెప్తాం.

మనకిచ్చే ఉద్యోగం ఏంటో మాకు తెలుసు. సెలవుల్లో కంపెనీ పనికెళ్లినవాళ్లం మాలో ఉన్నాం. డ్రమ్ములు దొర్లించాం, ట్యాంకులు కడిగాం. మాస్కు అడిగితే తువ్వాలు కట్టుకోమన్నారు.

2022 ఏప్రిల్ 13 రాత్రి మన జిల్లా ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో, పోరస్ లేబొరేటరీస్‌లో మంటలు లేచి ఆరుగురు పోయారు. నలుగురు బీహార్ నుంచి పొట్టకూటికి వచ్చినోళ్లు. అంతకు రెండేళ్ల ముందు, 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడి 12 మందిని చంపింది. సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీ 2019లోనే రాసిచ్చింది. అయినా ఫ్యాక్టరీ ఆగలేదు.

మరి రిపోర్టులు ఎందుకు? 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద కెమికల్ ఫ్యాక్టరీ పెట్టాలంటే పర్యావరణ ప్రభావ అంచనా రాయాలి. అందులో ప్రమాదాల లెక్క ఉంటుంది. ట్యాంకు పగిలితే, గాలి ఎటు వీస్తే, విషవాయువు ఎంత దూరం పోతుందో లెక్కగట్టి మ్యాపు మీద గుండ్రాలు గీస్తారు. ఆ గుండ్రం లోపల రాత్రి పడుకునేది ఎవరు? పట్టాల్లేని ఎరుకల గుడిసెలు మ్యాపులో కనిపిస్తాయా? డ్రెయిన్లలో చేపలు పట్టుకుని బతికే యానాదులని నీటి కాలుష్యం లెక్కలో కలిపారా? ఇక్కడి డ్రెయిన్ల నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ సరస్సులో పక్షులకున్న లెక్క మనుషులకి లేదా?

ఏజెన్సీలో మన కోయ అన్నదమ్ములకి భూమి తీసుకునే ముందు సంప్రదించాలని చెప్పే పెసా చట్టం ఉంది. మైదానంలో ఉన్న మనకి అదీ లేదు. మిగిలింది ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే. దానికీ గండి కొడుతున్నారు. కరోనా పేరు చెప్పి 2020 మార్చిలో మందుల ముడిసరుకు యూనిట్లకి ఈ రిపోర్టు, సభ రెండూ అక్కర్లేదని కేంద్రం కొంతకాలం సడలింపు ఇచ్చింది.

ఫ్యాక్టరీలే వద్దని మేం అనట్లేదు. మమ్మల్ని లెక్కలో వేయకుండా గీసిన గుండ్రం వద్దంటున్నాం.

అందుకే చదువుకున్న మనం చేయాల్సింది ఒకటుంది. సభకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలి. రిపోర్టు సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి. అది తెచ్చి పేటలో అమ్మానాన్నల ముందు బిగ్గరగా చదువుదాం. సభలో మైకు పట్టుకుని అడుగుదాం: గుండ్రం ఎంతవరకు? అందులో మా పేట ఉందా? సైరన్ ఎవరు మోగిస్తారు, ఏ దారిన పరిగెత్తాలి? మనం అడిగింది మినిట్స్‌లో ఎక్కిందో లేదో అక్కడే చదివించుకుందాం. అది మన హక్కు.

మన నాన్నలు వేలిముద్ర వేసి వచ్చిన చోట మనం ప్రశ్న రాసి వద్దాం. జోహార్.