డుకాటీ మీద మనసు పడితే తిట్టాల్నా?

పోస్టు కొంచెం పొడుగు. తీరిక చూసుకొని చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు డుకాటీ పానిగాలే వి4 బండి వీడియో పెట్టినాడు. కింద సగం మంది గుండె బొమ్మలు పెడితే, మిగతా సగం మంది వాయించినారు. "తండాకు సరైన రోడ్డు లేదు, వీనికి ఇరవై లక్షల బండి కావాలంట" అని ఒకరు, "ముందు డిగ్రీ పాస్ కా" అని ఇంకొకరు. రాత్రికల్లా ఆ తమ్ముడు వీడియో తీసేసినాడు. దాని కింద సరైన ప్రశ్న అడిగింది ఒక చెల్లెలు ఒక్కతే: "అన్నా, దీనికి సిలిండర్లు నాలుగు ఎందుకు?" ఎవరూ జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు, మాకు అప్పుడు తెలీదు కాబట్టి.

గోస్పాడు మండలం నుంచి నంద్యాలకు చదువుకోడానికి పోయొచ్చే మేము ఐదారు మందిమి దీని గురించి రెండు రోజులు మాట్లాడుకున్నాం. మా అభిప్రాయం ఇది. ఆ తమ్ముణ్ణి తిట్టడం తప్పు. కానీ మనం ఆ బండిని చూసే తీరు అంతకన్నా పెద్ద తప్పు.

ముందు ఆ బండి ఏందో చూద్దాం. మన ఇండ్ల ముందర ఉండే స్ప్లెండర్ శక్తి సుమారు 8 హార్స్ పవర్. 2018లో వచ్చిన పానిగాలే వి4 శక్తి 214. అంటే ఇరవై ఆరు, ఇరవై ఏడు స్ప్లెండర్లు ఒక్క సీటు కింద ఉన్నట్టు. బరువు మాత్రం రెండు స్ప్లెండర్ల కన్నా తక్కువ. ఆ శక్తి పూర్తిగా రావాలంటే ఇంజను నిమిషానికి 13,000 సార్లు తిరగాల.

అంత వేగంగా తిరిగితే వాల్వులతో చిక్కు. మన బండ్లలో క్యామ్ వాల్వును నొక్కి తెరుస్తుంది, మూసే పని స్ప్రింగుది. 13,000 దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు 108 సార్లు తెరుచుకొని మూసుకోవాల. స్ప్రింగు అందుకోలేకపోతే వాల్వు టైముకు మూసుకోదు, పైకొచ్చే పిస్టను దాన్ని గుద్దుతుంది. డుకాటీలో ఫాబియో తాలియోనీ అనే ఇంజనీరు 1956లోనే ఒక రేసు బండిలో దీనికి ఉపాయం చేసినాడు. తెరవడానికి ఒక క్యామ్, మూయడానికి ఇంకో క్యామ్. స్ప్రింగును నమ్ముకునే పని లేదు. దీన్నే డెస్మో అంటారు. ఇప్పటి మంచి స్ప్రింగులు కూడా ఆ వేగానికి తట్టుకుంటాయి, వేరే కంపెనీలు వాటితోనే నడిపిస్తున్నాయి. డుకాటీ వాళ్లు మాత్రం పానిగాలే వి4లోనూ డెస్మోనే పెట్టినారు. పట్టుదలో మొండితనమో మీరే అనుకోండి.

మాకు ఇంకా నచ్చింది క్రాంకు సంగతి. సైకిల్ ముందు చక్రం ఊడదీసి, ఇరుసు రెండు చేతులతో పట్టుకొని, ఇంకొకరితో గట్టిగా తిప్పించి పక్కకు వంచి చూడండి. వంగనియ్యదు. బండి చక్రాలు కూడా మలుపులో అట్లనే మొరాయిస్తాయి. మామూలుగా బండ్లలో క్రాంకు కూడా చక్రాలు తిరిగే వైపే తిరిగి ఆ మొరాయింపు పెంచుతుంది. పానిగాలే వి4లో క్రాంకును ఎదురు తిప్పినారు. చక్రాల బిగువును అది కొంత కొట్టేస్తుంది, బండి తొందరగా వంగుతుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే ముందు చక్రం లేవడం కూడా కొంత తగ్గుతుంది.

వేడి మాట చెప్పనక్కర లేదు. ఇంజను బాగా కాగినప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే, తొడల కింద ఉండే వెనక రెండు సిలిండర్లు వాటంతటవే ఆగిపోయేట్టు చేసినారు. మే నెలలో నంద్యాల శ్రీనివాస సెంటర్‌లో నిలబడినోళ్లకు ఆ అక్కర తెలుస్తుంది.

మేము ఇంత చెప్పింది ఒక సంగతి కోసం. ఆ బండిలో పరుగు కోసం ఎంత బుర్ర పెట్టినారో ఆపడానికీ అంతే పెట్టినారు. ముందర 330 మిల్లీమీటర్ల డిస్కులు రెండు, వాటికి బ్రెంబో బ్రేకులు. వెనక టైరు వెడల్పు 200 మిల్లీమీటర్లు. బండి ఎంత వంగిందో కనిపెట్టి, మలుపులో బ్రేకు పట్టినా జారకుండా చూసే ఏబీఎస్. ఇవి తీసేస్తే మిగిలేది చావే.

మరి మనం దాంట్లోంచి ఏం తీసుకున్నాం? సౌండు. సైలెన్సర్ లోపలి గొట్టం పీకేస్తాం. అద్దాలు ఊడదీస్తాం. ట్యాంకు మీద పడుకున్నట్టు వంగుతాం. సెకండ్ హ్యాండ్‌లో 200 సీసీ బండి కంతుల మీద తెస్తాం, టైర్లకు మాత్రం డబ్బులుండవు.

మాలో ఒకడు అట్లనే తెచ్చినాడు. వాడే రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. వడ్లు ఆరబోసే రోజులు. సగం రోడ్డు వడ్లే. చీకటి పడినాక వస్తా, ఎదురుగా లైట్లు కనిపించి బ్రేకు పట్టినాడు, వెనక చక్రం వడ్ల మీద జారింది. కాలికి రాడ్డు వేసినారు. వాళ్లమ్మ మేకలు అమ్మింది. కంతు కట్టలేదని ఫైనాన్సోళ్లు ఇంటికొచ్చి అరిచిపోయినారు. ఆసుపత్రిలో అందరం వాన్నే తిట్టినాం, "స్పీడు తగ్గించరా అంటే విన్నావా" అని. మూడు వారాలకు బండిని మెకానిక్ దగ్గరికి తోసుకుపోతే ఆయన వెనక టైరు మీద చెయ్యి పెట్టి మా మొగాలు చూసినాడు. టైరు గుండులా ఉంది. బ్రేకు ప్యాడ్లు ఇనుము కనిపించేదాకా అరిగిపోయినాయి. ఆరు నెలలు ఆ బండి వెనక కూర్చొని నంద్యాలకు తిరిగినాం. ఒక్కనాడు వంగి చూసినోడు లేడు మాలో.

ఇక్కడ ఇటలీ మనిషి ఒకాయన గురించి చెప్పాల. పేరు మాస్సిమో తాంబురినీ. రిమినీ ఊళ్లో ఇండ్లకు వేడి గాలి గొట్టాలు బిగించే పని చేసేటోడు. యూనివర్సిటీ ఇంజనీరు కాదు. 1972లో మిసానో ట్రాకు మీద హోండా సీబీ 750తో పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. ఆ బండికి ఇంజను బలంగా ఉంది, చట్రం దానికి తగ్గట్టు లేదని ఆయనకు అర్థమైంది. గొట్టాలు వంచడం, అతకడం చేతనైన పనే కదా, కోలుకున్నాక తనే కొత్త చట్రం చేసుకున్నాడు. బిమోటా బండ్లు అట్ల మొదలైనాయి. 1994లో డుకాటీ 916 గీసింది ఆయనే. సీటు కింద సైలెన్సర్లు, వెనక చక్రాన్ని ఒక్క వైపు నుంచే పట్టుకునే చేయి, ఇవన్నీ చూసి లోకం మురిసిపోయింది. ఆ ఒంటి చేయి అందం కోసమే పెట్టింది కాదు, రేసులో చక్రం తొందరగా మార్చొచ్చు.

మన తండాల నుంచి బెంగళూరు, హైదరాబాదు పోయి వెల్డింగు, ప్లంబింగు చేసే అన్నలు ఎంతమంది లేరు? వాళ్ల గురించి మన గ్రూపులో ఒక్క పోస్టు రాదు. డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్ తప్ప ఇంకేదీ చదువు కాదన్నట్టు మాట్లాడతాం. మెకానిక్ అంటే చదువు రానోడి పని అనే మాట మన పెద్దోళ్లు అంటే సరే, మనమూ అంటున్నాం. 1911లో పెసారో ఊళ్లో తెరెసా బెనెల్లి అనే విధవతల్లి, ఆరుగురు కొడుకులకు బతుకుతెరువు కావాలని ఉన్న డబ్బంతా పెట్టి పెట్టించింది రిపేరు షెడ్డే. అదే బెనెల్లి కంపెనీ అయింది. ఇప్పుడు యజమానులు చైనావాళ్లు. 2018లో హైదరాబాదు మహావీర్ గ్రూపుతో కలిసినాక ఆ పేరు మీది బండ్లను హైదరాబాదు దగ్గరే బిగిస్తున్నారు. ఆ లైను మీద నిలబడి బోల్టు బిగించే పనికి ఐటీఐ, డిప్లొమా చదివినోళ్లే కావాల.

కాబట్టి అడిగేది ఇంతే. మోటార్ మెకానిక్ ట్రేడులో ఉన్న తమ్ముళ్లు టైరు అరుగుదల, బ్రేకు ప్యాడు, చైను ఎట్ల చూసుకోవాల్నో వీడియో తీసి గ్రూపులో పెట్టండి, మన భాషలో అయినా సరే. వడ్లు కోసే లోపల పెడితే మేలు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్లు బేరానికి ముందు మెకానిక్‌ను వెంట తీసుకపోండి. వీడియో తీసేసిన తమ్ముడు మళ్లీ పెట్టు, ఈసారి ఇంజను విప్పింది ఉంటే ఇంకా మంచిది.

చెల్లెలి ప్రశ్నకు మాకు తెలిసిన జవాబు: ఆ 1,103 సీసీని ఒక్క సిలిండర్‌లో పెడితే పిస్టను పెద్దది, బరువు జాస్తి, అంత వేగంగా కిందికీ పైకీ ఆడలేదు. నాలుగుగా పంచితే ఒక్కో పిస్టను చిన్నది, తేలిక. ఒక్కోటి కదిలే దూరం 53.5 మిల్లీమీటర్లే. అందుకే 13,000 దాకా తిరగగలుగుతుంది. ఇందులో తప్పుంటే ఐటీఐ అన్నలు కింద దిద్దండి.